బొటనవేలి కింద గాలి

ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం జగ్గయ్యపేటలో మా కారును బాగుచేసింది బాబాయి కాదు, నేను. మొన్న నందిగామలో ఒక పెళ్లి భోజనాల దగ్గర ఆయన ఆ కథే మళ్ళీ ఎత్తుకున్నాడు. "ఇంజను దగ్గర చెవి పెట్టి వినాలోయ్, అదే చెబుద్ది" అంటూ పెరుగన్నం కలుపుతున్నాడు. ఎదురు బంతిలో నా విస్తట్లో అప్పడం పొడి పొడి అయింది.

నాన్న పాత కారుకు మా ఇంట్లో మనుషుల కంటే మర్యాద ఎక్కువ. దాన్ని తోలే డ్రైవరు నేను పలక పట్టిన నాటి నుంచీ ఉన్నాడు. నా ఇంటరు సెలవుల్లో ఒక పొద్దున, బీఎస్సీ చదివిన బాబాయి శుభ్రం చేస్తానని, ప్లగ్గులకు వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఊడదీసి, తుడిచి, మళ్ళీ బిగించాడు. అంతే, కారు స్టార్టు కాదు, టపాకాయల్లా పేలుతుంది. "చందర్లపాడు రోడ్డు గుంటల్లో ఎడాపెడా తోలి ఇంజను పోగొట్టాడన్నయ్యా వీడు" అని తేల్చేశాడు. నాన్న ఇంకో మాట అడగలేదు. "రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు. డ్రైవరు తాళాలు అరుగు మీద పెట్టి, ఎటు పోవాలో తెలియనట్టు కారు పక్కనే కూలబడ్డాడు.

నాకు ఒళ్ళు మండింది. చదవడానికి ఏమీ దొరకని ఎండాకాలాల్లో కారుతో వచ్చిన పుస్తకాన్ని కూడా వదలనిదాన్ని నేను. ఇంజను ముందుండే చిన్న చక్రం మీది గీత పక్కనున్న గుర్తుతో ప్రతి విడతకూ రెండుసార్లు కలుస్తుందనీ, మొదటి సిలిండరులో గాలి బిగిసినప్పుడు కలిసిందే అసలుదనీ అందులో ఉంది. బాబాయి గీతను చూశాడు, గాలిని చూడలేదు. ఈ మాట పదిమందిలో అనే నోరు నాకెక్కడిది?

అందరూ భోంచేసి పడుకున్నాక వెళ్ళి, మొదటి ప్లగ్గు విప్పించి, ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టాను. "ఎందుకండీ అమ్మాయిగారూ, చెయ్యి పాడవుద్ది" అంటూనే డ్రైవరు హ్యాండిలు తిప్పాడు. గాలి నా వేలిని ఎగదన్నింది. గీత కలిసేచోట ఆపమన్నాను. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపల ముల్లులా తిరిగే రోటరు మొదటి ప్లగ్గు వైరు వైపు కాక, సరిగ్గా దానికి ఎదురు దిక్కు చూస్తోంది! డిస్ట్రిబ్యూటర్ పైకి లేపి, రోటరును సగం చుట్టు తిప్పి దింపాము. నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు అప్పుడే విడీవిడనట్టు ఉండేలా సర్ది బిగించాము. తాళం తిప్పగానే కారు ఏమీ ఎరగనట్టు అందుకుంది.

ఆ చప్పుడుకు నాన్న, బాబాయి బయటికొచ్చారు. నేను తలుపు వెనక్కి తప్పుకున్నాను.

"చెప్పలా? నేను పెట్టింది పెట్టినట్టే ఉంది. ఇంజను చల్లారాలి, అంతే" అన్నాడు బాబాయి.

డ్రైవరు తలుపు వైపు ఒకసారి చూసి, "అవునండి, చిన్నయ్యగారి చలవేనండి" అన్నాడు. అన్నం పెట్టే తాళాలవి. అతన్ని ఏమనను?

"సర్లే, రేపు వేదాద్రి పోవాలి, పెందలాడే రా" అన్నాడు నాన్న. ఇంజను పోనే లేదంటే పొద్దున ఆ మనిషిని పొమ్మన్నదెందుకో ఎవరూ అడగలేదు.

కారు అమ్మేసి ఏళ్ళయింది. కాలం ఇనుముకు తుప్పు పట్టిస్తుంది గానీ, అబద్ధానికి ఏటేటా కొత్త రంగు వేస్తుంది. ఆ సాయంత్రం, నేను చెప్పకుండానే కనిపెట్టిన అమ్మ, నూతి దగ్గర కుంకుడు రసంతో నల్లబడ్డ నా బొటనవేలు తోమింది. మెచ్చుకుంటుందేమోనని ఆమె మొహంలోకి చూశాను.

"ఎవరన్నా అడిగితే పొయ్యి మసని చెప్పు" అంది.