భుజంతో కోసిన యాపిల్ పళ్లు

మా కుట్టు టీచరుగారు పోయారని చర్చి వాట్సాప్ గ్రూపులో చదివాను. సాయంత్రానికి ఫిజియోథెరపీ సెంటరువాళ్లూ నివాళి పెట్టారు. ఆ ఫోటోలో ఆవిడ కళ్లు కనిపించవు. వాటి మీద బొమ్మలాట చూపించే వీఆర్ డబ్బా ఉంది. నివాళిలోనూ వాళ్లకు ముఖం కన్నా డబ్బాయే ముఖ్యం.

కాన్వెంటులో ఆవిడ మాకు ఆరేళ్లు కుట్టు నేర్పారు. రుమాలుకు అంచు కుట్టి తీసుకెళ్తే ముందువైపు చూసేవారే కాదు.

"ముందర ఎవులైనా బాగానే కుడతారే. ఎనక్కి తిప్పు."

తిప్పితే ముడులు, దాటేసిన దారాలు. "ఇప్పెయ్," అనేవారు. కోపం ఉండేది కాదు. అందరికన్నా ఎక్కువసార్లు విప్పింది నేనే.

పోయినేడు పక్షవాతం వచ్చి ఆవిడ కుడిచెయ్యి పడిపోయింది. ఆ చేత్తో మళ్లీ సూది పట్టాలి, ఆవిడకు కావలసింది అదొక్కటే. బలిఘట్టం నుంచి నర్సీపట్నంలోని ఆ సెంటరుకు ఆటోలో తోడుగా నేను వెళ్లేదాన్ని.

సెంటరులో కళ్లకు డబ్బా పెట్టి, పట్టులేని చేతికి రిమోటు కట్టి, ఆటలోని యాపిల్ తోటలోకి పంపేవారు. చెయ్యి చాపితే పండు తెగి బుట్టలో పడుతుంది, పాయింట్లు వస్తాయి. నర్సీపట్నంలో యాపిల్ చెట్టు ఎవరు చూశారు? జీడితోటైనా పెట్టలేదు.

"సూపర్ మేడం! నిన్నటికి డబుల్!" అని థెరపిస్టు చప్పట్లు కొట్టాడు.

"ఏటి డబులు? సెయ్యి కదల్లేదు బాబూ. బుజం ఎగరేత్తన్నాను, నడుం ఒంచుతన్నాను. మీ మిసను అదే సెయ్యనుకుంటంది."

"నెగటివ్‌గా ఆలోచించకండి మేడం. గ్రాఫ్ చూడండి."

"గ్రాపు ముందుపక్క. ఎనక్కి తిప్పు."

అతనికి అర్థం కాలేదు, నవ్వాడు. నాకు అర్థమైంది. మూలకుర్చీలో పుస్తకం వెనక తల దాచుకున్నాను. భుజం చెవిదాకా లేవడం నేను మొదటిరోజే చూశాను, నోరు తెరవలేదు. ఆ సెంటరును ఎంత చులకన చేసినా, వాళ్ల తప్పులో నాకూ వాటా ఉంది.

యంత్రం ఎవరికీ పనికిరాదని అనను. పక్కన మనిషి నిలబడి, భుజం ఎగరకుండా పట్టుకుని, ఆట అయ్యాక ఒక గ్లాసో సూదో చేతికిచ్చి ఉంటే పనికొచ్చేదేమో. అక్కడి మనిషి తెరనే చూశాడు. చెయ్యి తిరిగి రావలసిన తొలి నెలలు యాపిల్స్ కోయడంలో పోయాయి. పైగా మెయిన్ రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టారు, 'మీ చెయ్యి మళ్లీ మీదే' అని. పక్కన ఆవిడ బొమ్మ.

"నా బుజానికి ఎంత బొమ్మేసారో సూడే!" అని ఆటోలో ఒకటే నవ్వు. ఆ తర్వాత ఆవిడ సెంటరుకు వెళ్లలేదు.

ఇంట్లోనే, తెల్లగుడ్డను క్లిప్పుతో బల్లకు బిగించి కూర్చునేవారు. వేళ్ల మధ్య సూది నేను పెట్టి, భుజం పట్టుకునేదాన్ని. సూది జారిపోయేది.

"బేగి ఎతుకు, నీ కాల్లోనే దిగుద్ది."

కొన్ని వారాలకు ఒక కుట్టు పడింది.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆవిడ ఇంట్లోవాళ్లు ఆ గుడ్డ నాకిచ్చారు. ఏడు కుట్లు, ఏడూ వంకరే. ఎనిమిదోదానికి గుచ్చిన సూది అలాగే ఉంది. అలవాటుగా వెనక్కి తిప్పాను. ముడి లావుగా ఉంది, దారం రెండుచోట్ల దాటేసింది. ఆవిడైతే విప్పెయ్యమనేవారు.

విప్పలేదు.