ఎర్ర సున్నా కింది అంకె

కరోనాకు ముందటి ఏడాది. చొప్పదండిలో ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. సీబీసీ అంటే రక్తకణాల వివరమంతా చెప్పే పరీక్ష. మిషన్ కాగితం నిండా అంకెలు కక్కుతుంది గానీ, వచ్చినవాళ్లు అడిగేది ఒక్కటే: రక్తం ఎంతుంది? అందుకని హిమోగ్లోబిన్ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఇచ్చేదాన్ని. అదేదో గొప్ప సేవ అనుకున్నాను కూడా.

సుజాతను వాళ్ల అత్త లచ్చవ్వ తీసుకొచ్చేది. పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ మొదటిసారి ఏడు. పక్క క్లినిక్ డాక్టర్‌గారు ఐరన్ గోళీలు రాశారు. మూడు నెలలకు చూసినా ఏడే. వరి నాటుకు పోతే సగం మడికే కూలబడుతోందని, గోళీలు దొంగచాటుగా పారబోస్తోందని లచ్చవ్వ వంతు కోసం బెంచీ మీద కూర్చున్న వాళ్లందరికీ వినబడేలా చెప్పింది. నిజం చెప్పొద్దూ, నేనూ అత్త మాటే నమ్మాను.

మూడోసారి రక్తం తీస్తుంటే, కాళ్లు తిమ్మిరెక్కి చెప్పులు జారిపోయినా తెలియడం లేదని సుజాత మెల్లగా అంది. అప్పుడు కాగితం మొత్తం చదివాను. ఎంసీవీ అంటే ఎర్రకణం సగటు సైజు. మామూలుగా వంద దాటదు. ఆమెది నూట పదహారు. ఐరన్ తక్కువైతే కణాలు చిన్నవవుతాయి, ఇవేమో ఉబ్బి ఉన్నాయి. అంటే లోటు ఐరన్‌ది కాదు, ఆ గోళీలు ఎన్ని మింగినా అంకె కదలదు. పాత కాగితాలు తీశాను. వాటిలోనూ అంతే, నా ఎర్ర సున్నాకు కాస్త కిందనే ఉంది. డాక్టర్‌గారి చూపూ ఆ సున్నా దగ్గరే ఆగిపోయింది. సిగ్గేసింది.

ఏం తింటావని అడిగాను.

"మా ఇంటాయన దుబాయ్ నుంచి మంచిగ వచ్చేదాక నీసు, గుడ్డు, పాలు, పెరుగు ముట్టనని వేములవాడ రాజన్నకు మొక్కిన. నాలుగేండ్లాయె" అంది.

డాక్టర్‌గారికి అంకె చూపించి, మొక్కు సంగతి చెప్పాను. ఆమె విడిచిన వాటిలోనే దొరికే బీ12 విటమిన్‌కు పరీక్ష చేయిస్తే, అది అడుగంటి ఉంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. సూదితో మొక్కు తప్పుతుందేమోనని సుజాత భయపడింది. సూది తిండి కిందికి రాదని, రాజన్న అంత కఠినుడు కాదని నచ్చజెప్పాను.

రెండు నెలలకు హిమోగ్లోబిన్ పదకొండు. లచ్చవ్వ ఆ కాగితం నా ముందు పెట్టింది.

"కోడలు గోళీలు పారబోస్తుందని వాడకట్టంత చెప్పిన బిడ్డా. గది అబద్ధమని గీ కాయితం మీద రాసియ్యి."

రిపోర్టు మీద అలాంటివి రాయకూడదు. వెనకవైపు రాశాను: సుజాత గోళీలన్నీ మింగింది, సరిగ్గా చదవనిది నేను. లచ్చవ్వకు చదువు రాదు. బెంచీ మీద వాళ్లకు వినబడేలా నన్నే చదవమంది. చదివాను.

తిమ్మిరి మాట చెప్పిన సుజాతకు, నా తప్పు నాచేతే పైకి చదివించిన లచ్చవ్వకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. ఎర్ర పెన్ను మానలేదు. కాగితం చివరిదాకా చదివి, ఏం తింటారో, ఏం విడిచారో అడిగాకే దాని మూత తీస్తున్నాను.