చెంబుల చెట్టు

మహబూబ్‌నగర్ జిల్లాలో తన చేనుకున్న ఒక్క బావీ ఎండిపోయాక పీరయ్య పొట్ట చేతపట్టుకుని నగరానికొచ్చాడు. పదేళ్లు చిక్కడపల్లి మేడలకు ఇసుక తట్టలు మోశాడు. నడుము పట్టేసి ఇక మోయలేననుకున్న రోజుల్లో, 1996లో, నారాయణగూడలో ఒక కాలేజీ ఆయన్ని తోటపనికి రోజుకూలీగా తీసుకుంది. నీడపట్టున పని. అంతకు మించిన అదృష్టం ఆయన ఎరగడు.

అక్కడ బాటనీ లెక్చరర్ అరుంధతి షిల్లాంగ్ నుంచి తెచ్చిన మొక్క ఒకటుంది. దాని ఆకు కొసన మూతున్న చెంబు వేలాడుతుంది.

"ఉగాదికి కాలేజీ తనిఖీకి కమిటీ వస్తది పీరయ్యా. అప్పటిదాంక ఇది పచ్చగుంటే నిన్ను పర్మనెంట్ చేస్తమన్నరు ప్రిన్సిపాల్ సార్. డ్రమ్ముల ఉన్న వాన నీళ్లే పొయ్యి, ఇంకేం చెయ్యకు," అందామె.

పనయ్యాక ఆయన దాని ముందు గొంతుక్కూర్చునేవాడు. తీపికి ఆశపడి చీమ చెంబు అంచెక్కేది. నాకుతూ నాకుతూ ఒక్కడుగు లోపలికి వేసిందా, సర్రున జారేది. లోపలి గోడ మైనం పూసినంత నున్నన. ఎక్కేది, జారేది, మళ్లీ ఎక్కేది. చివరికి అడుగున నీళ్లలో కాళ్లు కొట్టుకుని ఆగిపోయేది. కొన్నాళ్లకు పైడొల్ల తప్ప ఏమీ మిగలదు. ఎవరికైనా చీమ మీద జాలేస్తుంది. పీరయ్యకు చెట్టు మీద వేసింది. మట్టిలో ఇంత బలముంటే ఏ చెట్టయినా చీమల్ని తిని బతుకుతుందా?

మార్చిలో చెంబులు వాడాయి. ఆకు పసుపెక్కింది. అది చూసి చేతులు కట్టుకు కూర్చునే రైతు ఉంటాడా? ఊళ్లో పదిమందికి సేద్యం చెప్పినవాడికి పుస్తకాల అమ్మను అడగటానికి మనసొప్పలేదు. రాంనగర్ నుంచి మేక ఎరువు తెచ్చి వేసి, పైన పిడికెడు యూరియా చల్లాడు. వారం తిరక్కుండానే చెట్టు మొదలంటా నల్లబడింది.

అరుంధతి వేరు పైకి తీసి చూసింది. "ఏమేసినవ్?"

చెప్పాడు.

"దీనికి బలం పడదు పీరయ్యా. ఏం లేని నేలల పుట్టింది, గట్లనే బతకాలె. నన్నొక్క మాట అడగకపోతివి."

"ఆకలైతున్నదేమో అనుకున్న అమ్మా," అన్నాడు.

ఆమె కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మంచికి పోతే చెడు ఎదురైనట్టయింది ఆయన పని. మర్నాటి నుంచి రావద్దన్నాడు ప్రిన్సిపాల్. అరుంధతి వెళ్లి బతిమాలినా వినలేదు.

తెల్లారి అశోక్‌నగర్ చౌరస్తాలో కూలీల మధ్య నిలబడ్డాడు పీరయ్య. మేస్త్రీలు వచ్చి జబ్బలు చూసి ఒక్కొక్కరినే ఏరుకుపోయారు. పదింటికి ఆయనొక్కడే మిగిలాడు. చెట్టు పోయిన సంగతి భార్య ఈదమ్మకు ఇంకా చెప్పలేదు. పర్మనెంటయితే ఏమేం చెయ్యాలో ఆమె పొద్దున కూడా చెప్పి పంపింది.