నాలుగో అడుగు ఆలస్యం

మే నెల మూడో శనివారం, పగలు రెండు గంటల పది నిమిషాలకు నా స్నేహితురాలు కుర్చీలోంచి లేచి, "అది డ్రమ్ము కాదు, నా కాలు" అంది. గోడ గడియారం నాకు ఎదురుగానే ఉంది కాబట్టి టైము తప్పు చెప్పడం లేదు.

మేముండేది డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో. నేను మా అమ్మాయి దగ్గర ఉంటాను. అరవై దాటాక ఇక్కడే, ఆదివారం తెలుగు క్లాసులో ఆరేళ్ల పిల్లల పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. నా స్నేహితురాలు నల్లజాతి ఆవిడ, ఎనభై దాటింది. సీనియర్ సెంటర్‌లో కుర్చీ వ్యాయామాలప్పుడు మావి పక్కపక్క కుర్చీలు. ఆమె ఇంగ్లిష్ నాకు సగం అర్థమవుతుంది, నా ఇంగ్లిష్ ఆమెకు పావు. అయినా ఒక్క సంగతి నాకు పూర్తిగా తెలిసేదాకా చెప్పింది.

ఆమెకు పద్దెనిమిదేళ్లప్పుడు, డెట్రాయిట్‌లో వాళ్ల వీధిలోనే ఒక ఇంటి కింది గదిలో పాటలు రికార్డు చేసేవాళ్లు. ఒక రోజు వాళ్లకు భోజనం ఇవ్వడానికి వెళ్తే, పాట కట్టే ఆయన ఆమెను ఆపి, నేల మీద ఒక చెక్క పరిచి, దాని మీద కాలితో తొక్కమన్నాడు. ఆ పాట దేశమంతా మోగింది. ఇవాళ్టికీ పెళ్లిళ్లలో, షాపుల్లో మోగుతూనే ఉంది. రికార్డు అట్ట మీద ఈమె పేరు లేదు. దానికి ఆమెకు బాధ లేదు. కన్న కొడుకు నమ్మడు, బాధంతా అదే. ఈ మధ్య అయితే, "ఆ కథ మనవల దగ్గర ఎత్తకు, మతి పోయిందనుకుంటారు" అన్నాడట. ఆ మాట చెప్పిన రోజు ఆమె వ్యాయామం చేయలేదు.

అందుకే, పాత రాక్, సోల్ పాటల వెనక కథలు చెబుతారని లైబ్రరీలో కాగితం అంటిస్తే, పోదాం పద అన్నాను. కొడుకే కారులో తీసుకొచ్చాడు. వచ్చి చివరి వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

చెప్పేవాడు తెలుగు అబ్బాయి, కార్ల కంపెనీలో ఇంజనీరు. కారులో ఏదైనా టకటకమంటే ఆ చప్పుడు ఎక్కడ పుడుతోందో పట్టుకోవడం అతని ఉద్యోగం. పాత రికార్డులు పోగేయడం పిచ్చి. అతను ఇంగ్లిష్‌లో చెబుతుంటే, నాతో వచ్చిన మా మనవరాలు నా చెవిలో తెలుగులో చెప్పింది. బాగా చెప్పాడు, కాదనను. ఒక గాయకుడికి జలుబు చేసి గొంతు బొంగురుపోతే, ఆ బొంగురు కోసమే జనం పాట కొన్నారట. ఒకాయనకు గిటారు తీగ తెగితే మిగిలిన వాటి మీదే పాట ముగించేశాడట. నేనూ నోరు తెరుచుకుని విన్నాను.

తర్వాత నా స్నేహితురాలు చెప్పిన ఆ పాటే పెట్టాడు. లాప్‌టాప్‌లో గీతలు చూపిస్తూ, డ్రమ్ము మీద దుప్పటి కప్పి కొట్టారనీ, ప్రతి నాలుగో దెబ్బా కాస్త ఆలస్యంగా పడుతుందనీ, అది వాయించినాయన గొప్పతనమనీ చెప్పాడు. ఈమె లేచింది అప్పుడే.

అతను నవ్వి, ఇలాంటి జ్ఞాపకాలు చాలా కుటుంబాల్లో ఉంటాయని మర్యాదగా చెప్పి, తర్వాతి పాటకు పోబోయాడు. వెనక కొడుకు జేబులోంచి కారు తాళాలు తీసి నిలబడ్డాడు.

నాకు ఒళ్లు మండింది. "బాబూ, ఆగు. ఆమె చేత తొక్కించి చూడు. కలిస్తే ఒప్పుకో. కలవకపోతే మేమే పోతాం."

"పెద్దమ్మా, టైమ్ లేదండీ, ఇంకా నాలుగు సాంగ్స్ కవర్ చేయాలి."

"కారు మూలిగితే రోజంతా వింటావట కదా. మనిషి చెబితే ఒక్క నిమిషం వినలేవా?"

తెలుగువాళ్లు నవ్వారు. మనవరాలు నా చీర కొంగు లాగింది. "అమ్మమ్మా, ప్లీజ్, ఎవ్రీబడీ మనల్నే చూస్తున్నారు!"

"చూడనీవే. చూడ్డానికేగా వచ్చారు."

అతను మంచివాడు. పిల్లలు ఎక్కి కథలు చెప్పే చెక్క మెట్టు ఒకటి తెచ్చి వేశాడు. పాట పెట్టాడు. ఆమె తొక్కింది. మూడు అడుగులు కలిశాయి, నాలుగోది ముందే పడిపోయింది. మళ్లీ తొక్కింది. మళ్లీ అంతే. ఆమె తన బూటు వైపు చూసుకుంది. కొడుకు దగ్గరికొచ్చి, "అమ్మా, చాలు, ఇంటికి పోదాం" అన్నాడు.

నేను ఆమె కాలు చూడలేదు, నడుము చూశాను. తొక్కుతున్నంతసేపూ ఒక పక్కకు వంగి, ఎడమ చెయ్యి మడిచే ఉంచింది. ఆ వంపు నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో నేను అటుకులు దంచే చోట పనిచేశాను, కాలితో తొక్కి దంచే కొయ్య మీద, చంకలో పిల్లతో. నాలుగు తొక్కులు తొక్కేసరికి పిల్ల జారుతుంది. ఎగదోసుకోవాలి. ఎగదోసుకుంటే అడుగు ఆలస్యమవుతుంది.

"ఆ రోజు నీ చంకలో బిడ్డ ఉందా అని అడుగు" అన్నాను మనవరాలితో.

అడిగింది. స్నేహితురాలు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఉండక? ఎవరి దగ్గర వదిలి వెళ్తాను?" అంది. అరవై ఏళ్లు కథ చెప్పింది గానీ ఆ ముక్క ఎప్పుడూ చెప్పలేదు. బిడ్డను మోయడం కూడా చెప్పుకోవాలా అనుకుంది. నేనైనా అంతే.

ముందు వరసలో ఒక తెలుగు జంట ఏడాది పాపతో కూర్చున్నారు. "పాపను ఒకసారి ఇయ్యమ్మా" అన్నాను.

"కొత్తోళ్ల దగ్గరికి పోదు ఆంటీ, మస్తు ఏడుస్తది" అంది తల్లి.

"ఏడవనీ."

ఏడవలేదు. నా స్నేహితురాలి చంకనెక్కి, ఆమె చెవి పోగు పట్టుకుని కూర్చుంది. పాట మొదలైంది. ఒకటి, రెండు, మూడు. నడుము ఎగిరింది. నాలుగు. పాటలో కాలు, మెట్టు మీద కాలు ఒక్కటే అయిపోయాయి. ఇంజనీరు లాప్‌టాప్ చూశాడు, తర్వాత చూడటం మానేసి కళ్లు మూసుకున్నాడు.

"పెద్దమ్మా, టెన్ ఇయర్స్ నుంచి అందరికీ రాంగ్ చెప్తున్నా" అన్నాడు. చెప్పిన తప్పును అంతమంది ముందు ఒప్పుకునే మగవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు. ఆమె వైపు తిరిగి, పేరు రాసుకుంటానని అడిగాడు. "పేరు వద్దు. పక్కింటి అమ్మాయి కాలు అని రాయి" అంది. రాశాడు. తర్వాత, ఆ బిడ్డ ఎవరని అడిగాడు.

ఆమె గడ్డంతో కొడుకు వైపు చూపించింది.

అతనికీ అరవై దాటాయి. తాళాలు చేతిలోనే ఉన్నాయి. దగ్గర్లో ఉన్న కుర్చీలో కూర్చుని, "మళ్లీ పెట్టండి" అన్నాడు.

మళ్లీ పెట్టారు. ఆ గదిలో ఉన్నది: నా స్నేహితురాలు, ఆమె కొడుకు, ఇంజనీరు, మా మనవరాలు, ఆ జంట, వాళ్ల పాప, మాస్టర్స్ చదివే తెలుగు అబ్బాయిలు ముగ్గురు, కుర్చీలు వేసిన లైబ్రరీ ఆవిడ, నేను వెళ్లి మాట్లాడని ముసలి తెల్లవాళ్లు ఏడుగురు, నేను. ఆమే వద్దన్నాక మిగతావాళ్ల పేర్లు నేనెందుకు రాయాలి.