మందే కదా అనుకుంది

రామేశ్వరమ్మ నోటికి జడవని తాగుబోతు ఆ వీధిలో లేడు. వీధి చివర కల్లు దుకాణం పెడితే ఆడవాళ్ళను వెంటేసుకుని వెళ్ళి, దాన్ని అక్కణ్నుంచి లేపించేదాకా ఊరుకోలేదు. గద్వాల చీర నేయడంలో అందె వేసిన చెయ్యి. తూలుతూ ఇంటికొచ్చే భర్త వెంకట్రాములును మగ్గం మీదినుంచే కడిగేసేది. "మత్తు కలిపిన నీళ్ళు తాగి ఏం బతుకు బతుకుతవయ్యా?" అని. ఆయన నవ్వి గోడవారగా పడుకునేవాడు. ఆమెను వేలెత్తి చూపినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

అలాంటి మనిషికి కొన్నేళ్ళ కిందట నడుం పట్టేసింది. గుంట మగ్గంలో కాళ్ళు దించి పొద్దంతా వంగి నేస్తే ఎవరి నడుమైనా ఎన్నాళ్ళుంటుంది? నొప్పికి నిద్ర పట్టక అల్లాడుతుంటే, సూదులు వేసే ఒకాయన చిన్న తెల్ల గోలీ ఇచ్చాడు. కళ్ళు మూసి తెరిచేసరికి తెల్లారింది. సగం గోలీ ఒకటయింది, ఒకటి రెండయింది. ఒకసారి గోలీలు అయిపోయి దొరక్కపోతే చేతులు వణికి తెగిన పోగు అతకలేకపోయింది. గుండె దడదడలాడింది. పలకరించిన ప్రతివాళ్ళ మీదా అరిచింది. మళ్ళీ గోలీ కడుపులో పడ్డాకే కుదుటపడింది. మందు కాబట్టే బాగుచేసింది అనుకుంది. గోలీలను మాత్రం నూలు చుట్టిన కండెల బుట్ట అడుగున దాచేది. ఎందుకు దాస్తున్నానని తనను తాను ఎన్నడూ అడగలేదు.

ఇంతలో కూతురు సౌజన్యకు గద్వాలలో ఒక ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగం దొరికింది. అల్లుడు ప్రవీణ్‌కు వనపర్తిలో పని కనుక ఆదివారాలు వచ్చిపోయేవాడు. సౌజన్య పుట్టింట్లోనే ఉండి, పసిపాపను తల్లికి అప్పగించి బడికి వెళ్ళేది. పాపకు పళ్ళొచ్చే కాలం, ఒకటే ఏడుపు. మగ్గం మీద ఉన్నది పెళ్ళిచీర. అంచు కలిసే దగ్గర ధ్యాస తప్పితే అంతా విప్పుకోవాలి. ఒక మధ్యాహ్నం రామేశ్వరమ్మ గోలీని గోటితో గిల్లి, ఆవగింజంత ముక్కను పాలలో కలిపి పట్టింది. పాప హాయిగా పడుకుంది. మర్నాడూ అంతే. నాకు మేలు చేసింది దీనికి కీడు చేస్తుందా అనుకుంది.

మూడోసారి ముక్క కాస్త పెద్దదయింది. సాయంత్రం సౌజన్య వచ్చి లేపితే పాప లేవలేదు. మెడ వాల్చేసింది. ఊపిరి తెలిసీ తెలియనట్టుంది. ఆటోలో దవాఖానకు పరుగెత్తారు.

"పాపకు ఏమైనా మందు పట్టారా?" అని డాక్టరు అడిగాడు.

రామేశ్వరమ్మ నోరు తెరిచేలోపే సౌజన్య ఏడుస్తూ, "పొద్దుగాల జలుబుకు సిరప్ పోసిన సార్. జర ఎక్కువైందో ఏమో" అంది.

"చదువుకున్నదానివి, చూసుకోవద్దా అమ్మా?" అన్నాడాయన.

రామేశ్వరమ్మ ఏమీ అనలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మనవరాలి మీద ప్రేమ అనుకున్నారందరూ.

పాప బతికింది, నవ్వింది, పాకింది. సౌజన్య మాత్రం ఆ రోజునుంచి మందు సీసా ముట్టలేదు. "నువ్వే పొయ్యమ్మా, నా చేతుల మీద నాకే నమ్మకం లేదు" అని తల్లికి అందించేది. అలా అందించిన ప్రతిసారీ రామేశ్వరమ్మకు భూమి చీలి తనను మింగితే బాగుండు అనిపించేది. అయినా నోరు పెగల్లేదు. గోలీ మానలేదు.

వానాకాలంలో మాలతి అనే అమ్మాయి ఆ ఇంటికి వచ్చింది. నాగర్‌కర్నూల్ పిల్ల. మత్తు అలవాటు ఎవరిలో ఎంత లోతుకు దిగిందో, దానివల్ల తమకూ పక్కవాళ్ళకూ ఏ ముప్పు తెస్తున్నారో కొలిచి చూడాలని మానసిక వైద్యులు కొందరు ఆ చుట్టుపక్కల పరిశోధన చేస్తున్నారు. ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడగడం మాలతి పని. వెంకట్రాములు ఉన్నదున్నట్టు చెప్పాడు. "తాగుత బిడ్డా. తాగి బండి నడిపి మోరీల గూడ పడ్డ. దాస్తే దాగుతదా?"

మాలతి రామేశ్వరమ్మ వైపు తిరిగింది. "మీకేమన్న అలవాటున్నదా అమ్మా?"

"నన్నా అడుగుతున్నవ్? ఈ గల్లీల కల్లు దుకాణం లేపించిందే నేను."

"కల్లే కాదమ్మా. నిద్రకని, నొప్పికని గోలీలు గిట్ల?"

"గవి మందులు గదా బిడ్డా."

"ఒక్కపూట ఏసుకోకుంటే ఎట్లుంటది?"

రామేశ్వరమ్మ చూపు కండెల బుట్ట మీదికి పోయింది.

"ఎవరికీ తెల్వకుండ దాస్తరా?"

భర్త ఆమె మొహంలోకి చూశాడు.

"ఆ అలవాటుతోటి ఇంట్ల ఎవరికన్న అపాయమైందా? కాబోయిందా?"

మాలతి గొంతులో నింద లేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు అడిగింది. నింద ఉంటే రామేశ్వరమ్మ కయ్యానికి దిగేదే. "లేదు" అని తల దించుకుంది. దవాఖానలో మౌనంతో ఆడిన అబద్ధం ఈసారి నోటితో ఆడింది.

ఆ 'లేదు' ఆమెను నిలవనీయలేదు. మర్నాడు ఆ బృందం కూర్చున్న సర్కారు దవాఖానకు వెళ్ళింది. వసారాలో తాను తిట్టిపోసిన మనుషులే బెంచీల మీద ఉన్నారు. కొంగు మొహం మీదికి లాక్కుని లోపలికి పోయి మాలతికి అంతా చెప్పింది.

మాలతి కలం పక్కన పెట్టింది. "మీ సంగతి ఊళ్ళె ఎవరికీ చెప్పమమ్మా. కని పాప సంగతి గట్ల కాదు. డాక్టరు సారుకు చెప్పాలె. పాప ఇంకా మీ దగ్గర్నే ఉంటదా?"

"ఉంటది."

"ఐతే పాప తల్లికి తెల్వాలె. మీరు చెప్తరా, మమ్మల్ని చెప్పమంటరా?"

"నేనే చెప్త. నువ్వు జర పక్కన కూసో బిడ్డా."

ఆ బృందంలోని డాక్టరు ప్రేమ్ కుమార్, గోలీ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చని, వారం వారం తగ్గించాలని చెప్పాడు. ఆమె తలూపింది. ఆమె చెవులు అక్కడ లేవు.

ఆ సాయంత్రం మాలతి ఎదుటే కూతురికి చెప్పింది. సౌజన్య అరవలేదు. "నేను పోసిన సిరప్‌తోటి కాదా?" అని మాత్రం అడిగింది.

"కాదు బిడ్డా."

"నా చేతులు నరుక్కోవాలనిపించిందమ్మా ఇన్ని దినాలు. నువ్వు చూసుకుంటనే ఉన్నవ్."

సౌజన్య బట్టలు సర్దుకుని, పాపనెత్తుకుని అత్తవారి ఊరు గోపాల్‌పేట వెళ్ళిపోయింది. ఉద్యోగం వదిలేసింది. వెంకట్రాములు భార్యను ఒక్క మాట దెప్పలేదు. చాయ్ పెట్టి ఆమె ముందుంచాడు. దెప్పితేనే బాగుండుననిపించింది ఆమెకు.

గోలీ తగ్గేకొద్దీ ఒళ్ళంతా చెమట, చేతులకు వణుకు. మగ్గం ఆడిన రోజుకంటే ఆడని రోజులే ఎక్కువ. సౌజన్య తండ్రికి ఫోన్ చేసేది. ఆయన మాట్లాడుతుంటే రామేశ్వరమ్మ గుమ్మం దగ్గర నిలబడి వినేది. తనకివ్వమని అడగలేదు.

పల్లీలు పీకే రోజుల్లో ఇక ఉండబట్టలేక, భర్తతో కూడా చెప్పకుండా గోపాల్‌పేట బస్సెక్కింది. వాకిట్లో పల్లికాయలు కోస్తున్న వియ్యపురాలు జమ్ములమ్మ ఎదురొచ్చింది.

"రా వదినా! నడుం ఎట్లుంది? పాపం, పిల్లను ఎత్తుకోరాదంట గదా, అందుకే తీస్కొచ్చిన అని సౌజన్య చెప్పింది."

రామేశ్వరమ్మ కూతురి వైపు చూసింది. సౌజన్య మొహం తిప్పుకుంది. తల్లి పరువు కాపాడడానికి కూతురు అత్తింట్లో అబద్ధమాడిందని అప్పుడు తెలిసింది. తాను చేసిన పనికి పడ్డ సిగ్గు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

"ఇగో, పట్టుకో నీ మనవరాలిని. చాయ్ పెట్టుకొస్త" అని జమ్ములమ్మ పాపను అందించింది. రామేశ్వరమ్మ చేతులు వెనక్కి తీసుకుంది.

"జర కూసో వదినా. నీకొక మాట చెప్పాలె."

"అమ్మా, వద్దు" అంది సౌజన్య.

"నడుం కాదు వదినా" అని మొదలుపెట్టి రామేశ్వరమ్మ చివరిదాకా చెప్పింది. మనవరాలికి తాను ఏం పట్టిందో, దవాఖానలో ఎలా నోరు మూసుకుందో, ఏదీ దాచలేదు. వింటూ వింటూనే జమ్ములమ్మ పాపను తన గుండెకు అదుముకుంది.

అంతా విన్నాక అడిగింది: "ఇప్పుడు ఏసుకుంటున్నవా?"

"సగానికి తగ్గించిన. ఇంక పూర్తిగ మానలే. అబద్ధం చెప్ప."

జమ్ములమ్మ ఆమె మొహం చూసింది, చేతులు చూసింది. తర్వాత పాపను ఆమె ఒళ్ళో కూర్చోబెట్టింది. "పట్టుకో. నేను ఈడనే కూసుంట" అంది.

అన్నట్టే పక్కన కూర్చుంది. పాప మీదినుంచి చూపు తిప్పలేదు. ఆ చూపు ఎందుకో రామేశ్వరమ్మకు తెలుసు. తెలిసీ తల వంచుకుని పాపను పట్టుకుంది. చాయ్ సౌజన్యే పెట్టుకొచ్చింది.