కూతురి పెళ్లికి వెళ్లిన ఎలిహు బార్కర్

బార్కర్ల వంశంలో ఒకరు చెప్పిన మాట వినేవాడు పుట్టలేదు. మొదటివాడు జెరెమయ్య, ఇంగ్లండు నుంచి ఒక బాడిస చంకన పెట్టుకుని మసాచుసెట్స్‌లో ఓడ దిగాడు. దిగినవాడు పీపాలు చేసుకుని బతకొచ్చుగా, వెళ్లి క్వేకర్లనే క్రైస్తవ శాఖలో కలిశాడు. ఆ రోజుల్లో క్వేకరంటే ఆ గడ్డ మీద దొంగకన్నా అలుసు. న్యాయాధికారి ముందు టోపీ తియ్యనన్నాడని బండి వెనక కట్టి ఊరంతా తిప్పి కొరడాతో కొట్టారు. తప్పయిందని ఒక్క మాట అను, కట్లు విప్పేస్తాం అన్నారట. అనలేదు. వీపు మానాక మా రేవుకొచ్చి కాపురం పెట్టాడు.

ఆ తర్వాతి రెండు మూడు తరాలవాళ్లు పీపాలు చేశారు, పిల్లల్ని కన్నారు, పోయారు. మా క్వేకర్లు సమాధి మీద రాయి కూడా పెట్టరు కాబట్టి ఎవరు ఎక్కడ పడుకున్నారో దేవుడికే ఎరుక. వాళ్లలో ఎబెనీజర్ పేరొక్కటే జనం నోట మిగిలింది. ఇంగ్లండు రాజుతో యుద్ధం వచ్చినప్పుడు తుపాకిమందుకు పీపాలు చెయ్యమని రెండు పక్షాలూ అడిగాయి. చావుకు పీపాలు చెయ్యనన్నాడాయన. రెండు పక్షాలూ వంతులవారీగా వచ్చి కొట్టు కిటికీలు పగలగొట్టి పోయాయి. ఆయన మనవడే ఎలిహు.

ఎలిహు పీపా అంటే మా రేవులో ఓడలవాళ్లు కళ్లు మూసుకుని ఎక్కించుకునేవాళ్లు. తిమింగలాల వేటకు వెళ్లిన ఓడ మూడేళ్లకో నాలుగేళ్లకో గాని తిరిగిరాదు. అన్నాళ్లూ నూనె చుక్క కారకూడదు. మరిగిన నీళ్లు పోసి, బిరడా బిగించి, కొట్టు పొడవునా దొర్లించి, అతుకు అతుకూ చేత్తో తడిమి చూశాకే పీపా బయటికి పంపేవాడు. మనిషి మాత్రం మాటకు ముందు విసుగు, మాట తర్వాత విసుగు. ఆయన భార్య రూహమా మెత్తటి మనిషి. గొడవంటే గిట్టదు. ఇద్దరికీ ఒక్కతే కూతురు, హెప్సిబా.

హెప్సిబా ప్రేమించి ప్రేమించి ఒక మెథడిస్టు కమ్మరిని ప్రేమించింది. జోయెల్ టిబ్బెట్స్ అని, వేట ఈటెలు సాగగొట్టేవాడు, బంగారంలాంటి కుర్రాడు. ఆదివారం వస్తే చాలు, గొంతు చించుకుని కీర్తనలు పాడతాడు. మావాళ్ల ఆరాధనలో పాటా లేదు, పాదిరీ లేడు. అందరూ నోరు మూసుకుని కూర్చోవడమే. "మీవాళ్ల దేవుడికి చెవుడేమిట్రా అబ్బాయ్, అంత అరుస్తారు?" అనేవాడు ఎలిహు. "కాదు మామయ్యా, మీవాళ్ల దేవుడు పడుకున్నాడేమో అని లేపుతున్నాం" అనేవాడు జోయెల్. ఆ జవాబుకే ఎలిహు పడిపోయాడని నా అనుమానం.

కానీ మా క్వేకర్ల సమాజం ఊరుకోదు. బయటివాణ్ణి, అందులోనూ జీతం పుచ్చుకునే పాదిరీ ముందు పెళ్లాడిన పిల్లను వెలివేస్తారు. అంతటితో అయిందా? ఆ పెళ్లి చూడ్డానికి వెళ్లిన తల్లిదండ్రులది కూడా తప్పే. దీనికి మావాళ్లు ఎప్పుడో ఒక ఉపాయం కనిపెట్టారు. పెళ్లినాడు తండ్రి ఆ గుడి బయట వీధిలో ఏదో పనున్నట్టు నిలబడతాడు. తలుపు తీసే ఉంటుంది. రేపెవరైనా అడిగితే, నేను లోపలికి వెళ్లలేదు, చెవిన పడింది అంతే, అంటాడు. మా రేవులో పెద్దమనుషులుగా చలామణి అవుతున్న తండ్రుల్లో సగంమంది అలా వీధిలో నిలబడి కూతుళ్ల పెళ్లి చేసినవాళ్లే!

ఎలిహుకీ అదే చెప్పారు. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, వెడల్పు టోపీ పెట్టుకుని, నేరుగా లోపలికి వెళ్లి ముందు బల్ల మీద కూర్చున్నాడు. రూహమా వెళ్లలేదు. టోపీ తియ్యమని మెథడిస్టులు సైగలు చేశారు. మావాళ్లు మనిషికి టోపీ తియ్యరు, ఆయనా తియ్యలేదు. పిల్ల "ఔను" అన్నప్పుడు మాత్రం అందరికీ వినపడేలా ఏడ్చాడు. టోపీ తియ్యలేదని వాళ్లకు కోపం, లోపల అడుగుపెట్టాడని వీళ్లకు కోపం. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు.

ఆర్నెల్లు తిరక్కుండా అబిషాయి గార్డ్‌నర్ కొట్టుకొచ్చాడు. సమాజంలో పెద్ద, నాలుగు ఓడల ఆసామి. ఎలిహు చేసే పీపాల్లో ముప్పాతికవంతు అతని ఓడలకూ అతని బావమరుదుల ఓడలకే. మావాళ్లలో "మీరు" లేదు, "అయ్యగారు" లేదు. ఓడల ఆసామినైనా పేరు పెట్టి నువ్వనే పిలవాలి.

"ప్రేమతోనే వచ్చాను, ఎలిహు" అన్నాడు అబిషాయి. మావాళ్లు ప్రేమతో వచ్చామన్నారంటే ఎవరి కొంపో మునిగిందన్నమాటే.

అతను అడిగింది చాలా చిన్నది. ఆరాధన రోజున అందరి ఎదుటా లేచి, కూతురి పెళ్లికి వెళ్లినందుకు విచారిస్తున్నానని ఎలిహు చెప్పాలి. చెబితే ఎప్పటిలాగే అందరిలో ఒకడు. చెప్పకపోతే సమాజంలోంచి తీసేస్తారు. వెలివేసినవాడి దగ్గర పీపాలు కొనకూడదని నియమమేమీ లేదు, కానీ కొనరు. అబిషాయి ఆ సంగతి అనలేదు. కొట్టులో వరసగా పేర్చిన పీపాలకేసి ఒకసారి చూశాడు, అంతే.

"మా జెరెమయ్య తాతను కొట్టినవాళ్లూ ఇదే అడిగారు. తప్పయిందను, వదిలేస్తాం అన్నారు" అన్నాడు ఎలిహు.

"వాళ్లు మన శత్రువులు. మేం నీవాళ్లం."

"అందుకేగా ఒళ్లు మండేది."

అబిషాయి వెళ్లిపోయాక రూహమా మొదలుపెట్టింది. ఆమె తెలివితక్కువది కాదు. పెళ్లికి వెళ్లినందుకు విచారిస్తున్నానని అననక్కర్లేదు, నా వల్ల సమాజంలోవాళ్ల మనసు నొచ్చుకుంది, అందుకు విచారిస్తున్నాను అంటే చాలంది. అలా అని గట్టెక్కినవాళ్లు ఎంతమంది లేరు? పెద్దలూ దానికి ఒప్పుకుంటారు. ముసలితనంలో కొట్టు మూసుకుని ఏం తింటాం అని అడిగింది.

"మాటేగా, ఎలిహు. నోటి మాటేగా" అంది.

"అది విన్నాక హెప్సిబా ముఖం ఎలా ఉంటుందో నువ్వు చెప్పు. చెబితే అనేస్తాను" అన్నాడాయన.

రూహమా లేచి వెళ్లి పొయ్యి మీద చేపల పులుసు కలిపింది. పెళ్లయి ఆర్నెల్లు కావస్తున్నా ఆమె ఇంకా కూతురి గడప తొక్కలేదు. తొక్కకూడదని ఎవరూ అనలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో తెలియలేదు, అంతే.

ఆ ఆదివారం మందిరం కిక్కిరిసిపోయింది. మగవాళ్లు ఈ పక్క, ఆడవాళ్లు ఆ పక్క. వేరే రోజుల్లో ఆరాధన అనగానే జబ్బుపడేవాళ్లందరికీ ఆవేళ ఒంట్లో కులాసాగా ఉంది. చివరికి ఎలిహు లేచాడు.

"నేను హెప్సిబా పెళ్లికి వెళ్లాను. ముందు బల్ల మీద కూచున్నాను. ఏడిచాను కూడా. అది తప్పని మీరంటున్నారు, నా మనసు అనడం లేదు. మనసులో లేని మాట నోటితో అనొద్దని నాకు ఈ బల్లల మీదే నేర్పారు. నాకు ఇంకో కూతురు లేదు. ఉంటే దాని పెళ్లికీ వెళ్దును."

అని కూర్చున్నాడు. మా ఆరాధన ముగిసిందనడానికి గుర్తు, సమాజం పెద్ద తన పక్కవాడి చెయ్యి పట్టుకుని ఊపడం. ఈ మాటలు ఇక్కడితో ఆగితే మేలనుకున్నాడో ఏమో, అబిషాయి గబగబా పక్కవాడి చేతి కోసం చెయ్యి చాచాడు.

అప్పుడు ఆడవాళ్ల వైపు రూహమా లేచి నిలబడింది. ముప్పై ఏళ్లుగా ఆ మందిరంలో ఆమె గొంతు విన్నవాళ్లు లేరు. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తన ముందున్న బల్ల అంచు పట్టుకుందామె.

"మీకు విచారం కావాలన్నారుగా. ఆయన దగ్గర లేదు. నా దగ్గరుంది, తీసుకోండి. నా కడుపున పుట్టిన పిల్ల పెళ్లి మూడు వీధుల అవతల జరుగుతుంటే నేను ఇంట్లో తలుపేసుకుని చిక్కుళ్లు ఒలిచాను. మీరు మెచ్చుకుంటారని ఒలిచాను. అందుకు నేను సిగ్గుపడుతున్నాను. ఇది రాసుకోండి."

కూర్చోలేదు. శాలువా భుజాన సర్దుకుని, బల్లల మధ్యగా నడిచి బయటికి వెళ్లిపోయింది. ఎలిహు టోపీ సరిచేసుకుని వెనకే పరిగెత్తాడు. మెట్ల కింద ఆగి ఉందామె.

"పద, దాని ఇల్లేదో చూపించు" అంది.