ఇంగ్లండులో దొరకని ముత్తాత

అమీర్‌పేటలో నేను వంట చేసిపెట్టిన ముసలి సారును తలచుకుంటే, కంప్యూటర్ మీద వేలు పెట్టి "వీడు కాదమ్మా" అనడమే గుర్తొస్తుంది. వాళ్ల ముత్తాత ఇంగ్లండు నుంచి వచ్చిన దొరట. పేరు మార్టిన్ ఆర్థర్. సారు ఇంటిపేరూ ఆర్థరే. ఆ దొర పుట్టిన ఊరేదో తన కళ్లు పూర్తిగా పోకముందే తెలుసుకోవాలని, అక్కడి చర్చి పుస్తకాలూ జనాభా లెక్కలూ రోజూ వెతికేవాడు. ఎందరో ఆర్థర్లు దొరికారు, ఆయన మాత్రం దొరకలేదు.

ఒకరోజు నేను పంజాగుట్ట ఆసుపత్రి నుంచి కోపంగా వచ్చాను. "నర్సమ్మ దాసరి, దాసరి అని మొత్తుకుంటే నన్నే అనుకోలే సార్. అది మా ఇంటిపేరు, చీటీల ముందుగాల అదే రాసిన్రు. మస్తుసేపు ఉత్తగ కూసున్న" అన్నాను.

"ఇంటిపేరు ముందెందుకు రాసిన్రు?"

"మనోళ్లు గట్లనే రాస్తరు కద."

సారు చెయ్యి ఆగిపోయింది. "మా ముత్తాత పెండ్లి ఇక్కడి చర్చిలనే అయింది. మార్టిన్ ఆర్థర్ అని ఆ పుస్తకంల రాసింది సుత తెలుగు గుమస్తానే" అన్నాడు.

అంటే మార్టిన్ ఇంటిపేరు, ఆర్థర్ మనిషి పేరు. నాకే తల తిరిగింది.

"అయితే నేను ఆర్థర్‌ను కానా అమ్మా? మా నాయిన సుత కాదా?"

"మేం తాత పేరు మనవడికి పెట్టుకుంటం సార్. మీరు సుత గదే పెట్టుకున్నరు" అన్నాను.

సారు నవ్వాడో ఏడ్చాడో నాకిప్పటికీ తెలియదు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి వెతకడం మొదలుపెట్టాడు.

"ఈ మార్టిన్లు ఇంకా మస్తు మందున్నరమ్మా" అన్నాడు.